ఆదిలాబాద్ చలి, 2004 జెన్: పొద్దున్నే ఇంజన్ ఊగుతున్నది, పికప్ అందుకుంటలేదు

ఉట్నూరు_టీచర్

అందరికి నమస్తే. నా బండి మారుతి జెన్ ఎల్ఎక్స్ఐ, 2004 మోడల్, పెట్రోల్, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ కాదు, ఇంజెక్టర్లతోని పెట్రోలు కొట్టే రకం). మా నాయిన కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్న. ఉండేది ఆదిలాబాద్‌ల, డ్యూటీ ఉట్నూరు దగ్గర. పొద్దుగాల ఏడింటికల్ల బయలెల్లాలె.

ఎండాకాలం, వానకాలం పెద్దగ బాధ లేదు. చలి మొదలైందంటే దీని రోగం మొదలు. సెల్ఫ్ కొట్టంగనే అందుకుంటది, అక్కడ ఫికర్ లేదు. రెండు మూడు సెకన్లు మంచిగ మోగి, ఆ తర్వాత రేసింగ్ మొత్తం కిందికి దిగిపోతది. ఇంజన్ ఊగుతది, స్టీరింగ్ చేతుల వణుకుతది. హెడ్‌లైట్లు వేసి ఉంటే ఎదురుంగ గోడ మీద వెలుగు తగ్గుకుంట పెరుగుకుంట కనబడతది. ఎల్ఎక్స్ఐ కాబట్టి ఆర్‌పీఎం మీటర్ లేదు, లెక్క చెప్పలేను. ఎక్స్‌లేటర్ మీద కాలు పెట్టి పట్టుకుంటెనే నిలబడతది.

అసలు తకలీఫ్ గల్లీల నుంచి రోడ్డెక్కేటప్పుడు. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదులుకుంట ఎక్స్‌లేటర్ ఇస్తే, పిల్లలు గుక్క పట్టినట్టు ఒక క్షణం ఆగి, అప్పుడు ఒక్క జర్క్ ఇచ్చి ముందుకు దుంకుతది. ఎదురుంగ లారీ వస్తుంటే ఆ ఒక్క క్షణమే పాణం పోయినంత పనైతది.

గుడిహత్నూర్ దాటి ఇంద్రవెల్లి రోడ్డు ఎక్కేసరికి మామూలైతది. టెంపరేచర్ ముల్లు అప్పటికి కింది గీత నుంచి కొంచెం లేస్తది, అంతే. ఇంజన్ మాత్రం ఎప్పుడు చల్లగనే ఉంటది, అదొక్కటి దీంట్ల మంచి గుణం.

ఇప్పటిదాక చేసినవి: ప్లగ్గులు నాలుగు కొత్తవి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది, ఇంజెక్టర్ క్లీనింగ్. వేసి వారం గూడ కాకముందే మళ్ల అదే కథ. మైలేజ్ ఒకప్పుడు పదిహేడు ఇచ్చేది, ఇప్పుడు పదమూడు దాటుతలేదు. ఒక షెడ్ల ఫ్యుయెల్ పంపు అన్నరు. ఇంకో షెడ్ల ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పోయింది, సెకండ్ హ్యాండ్‌ది తెప్పిస్త అన్నరు, చెప్పిన రేటు వింటే బండే అమ్మెయ్యబుద్ధైంది. చెక్ ఇంజన్ లైట్ తాళం తిప్పినప్పుడు వెలుగుతది, స్టార్ట్ కాంగనే ఆరిపోతది. ఎవరికన్న ఇసొంటిది అనుభవం ఉంటే చెప్పుండ్రి.


మియాపూర్_మోటార్స్_ఫ్యాన్

బ్రో, ఇది ఈ20 మహిమ, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. నా ఫ్రెండ్స్‌లో పాత బండ్లున్న ప్రతివాడూ ఇదే ఏడుపు. 2023 ఫిబ్రవరిలో ఈ20 మొదలుపెట్టారు, ఇప్పుడు ఏ బంకుకెళ్లినా అదే. మీ బండి తయారైనప్పుడు ఈ సంగతి ఎవరికీ తెలియదు. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కొట్టాలి. మీ 2004 ఈసీఎంకి ఆ విషయం తెలియదు, పాత లెక్కే కొడుతుంది. ఇంజన్‌కి ఆకలి. పైగా ఇథనాల్ చలిలో తొందరగా ఆవిరి కాదు, అందుకే పొద్దున పూట ఎక్కువ. మైలేజ్ తగ్గడానికీ అదే కారణం, ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ.

దీనికి మందు లేదు. వేడెక్కే దాకా ఓపిక పట్టడమే.


ఆటోనగర్_వైరింగ్

మాస్టారూ, నమస్కారం. నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాను. మారుతీలో ఎంపీఎఫ్ఐ వచ్చిన కొత్తలో మెకానిక్కులు "కంప్యూటర్ బండి, మేం ముట్టుకోం" అని తోసేస్తే మా షెడ్డుకే వచ్చేవి. మీ జెన్ లాంటి బండ్ల కిందే సగం వయసు గడిచిపోయింది.

ముందుగా ఒక్క మాట. ఈసీఎం జోలికి వెళ్లకండి. ఈసీఎం చెడితే ఎక్కువగా వేడెక్కాకే మొరాయిస్తుంది. పొద్దున పాడై, గుడిహత్నూర్‌లో దానంతటదే బాగుపడే ఈసీఎంని నేనైతే చూడలేదు. పంపు మాట కూడా పక్కన పెట్టండి. పంపు నీరసిస్తే ఫుల్ లోడులో తెలుస్తుంది. బండి నిండా మనుషులతో చడావు ఎక్కేటప్పుడు థర్డ్ గేర్లో లాగుతోందా లేదా? లాగుతుంటే పంపు పాపం ఏమీ చేయలేదు.

ఇక చల్లటి ఇంజన్‌కీ వేడి ఇంజన్‌కీ తేడా ఏంటో చూద్దాం. చల్లగా ఉన్నప్పుడు ఇంజెక్టర్ కొట్టిన పెట్రోలులో చాలా భాగం ఆవిరి కాకుండా మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) గోడలకీ వాల్వుల వెనక్కీ అంటుకుపోతుంది. అందుకని ఈసీఎం లెక్క కంటే ఎక్కువ కొడుతుంది. పాత బండ్లలో చోక్ లాగేవాళ్లం కదా, అదే పని. ఎంత ఎక్కువ కొట్టాలన్నది కూలెంట్ సెన్సర్ చెప్పిన వేడినిబట్టీ, మ్యాప్ సెన్సర్ చెప్పిన మానిఫోల్డ్ ప్రెషర్నిబట్టీ వేసుకున్న అంచనా. కొట్టింది సరిపోయిందో లేదో ఆ సమయంలో చెప్పేవాళ్లు లేరు. ఆక్సిజన్ సెన్సర్ (పొగని చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పేది) ఉన్న బండిలో కూడా దాని మాట వినడం మొదలుపెట్టేది కాస్త వేడెక్కాకే. కాబట్టి ఎవరైనా ఆక్సిజన్ సెన్సర్ మార్చమంటే డబ్బులు ఇవ్వకండి. అది నిద్రలో ఉన్నప్పుడు జరుగుతున్న గొడవ ఇది.

అంచనా రెండు రకాలుగా తప్పుతుంది. పెట్రోలు చాలకపోవచ్చు, ఎక్కువైపోవచ్చు. విచిత్రం ఏమిటంటే రెండింటికీ పైకి కనపడే లక్షణం ఒకటే: ఊగుడు, జర్కు. అందుకే అందరూ చీకట్లో రాళ్లు వేస్తారు. మియాపూర్ తమ్ముడు చెప్పిన ఈ20 లెక్క నిజమే, కాదనను. కానీ ఈ20 చేసేది ఆకలి. ఆకలితో ఉన్న ఇంజన్ ప్లగ్గు తెల్లబారి ఉంటుంది. ఎక్కువ తాగిన ఇంజన్ ప్లగ్గు నల్లగా, పొడిపొడిగా, వేలికి మసి అంటేలా ఉంటుంది. మీరు ఈ మధ్యే కొత్త ప్లగ్గులు వేశారు కాబట్టి సాక్ష్యం తాజాగా ఉంది. ఒకటి విప్పి చూసి చెప్పండి, సగం కేసు అక్కడే తేలిపోతుంది.

ఇంకోటి. ఎంపీఎఫ్ఐ బండి నడుస్తుండగా ఏ సిలిండర్ మిస్ కొడుతోందో చూద్దామని ప్లగ్ వైర్లు పీకనివ్వకండి. కార్బొరేటర్ రోజుల అలవాటు అది. కరెంటు దారి వెతుక్కుని కాయిల్నో ఎలక్ట్రానిక్సునో కాలుస్తుంది. చూడాలంటే ఇంజెక్టర్ కప్లర్ (వైర్లు తగిలించే సాకెట్) ఒక్కోటి తీసి పెట్టి చూడాలి. తీసినా ఇంజన్ శబ్దం మారని సిలిండర్ పనిచేయనిది.

బ్లూటూత్ స్కానర్ కూడా కొనకండి. ఇక్కడ కార్లకి ఓబీడీ-2 (ఇంజన్ లోపాల్ని స్కానర్‌కి చెప్పే పద్ధతి) తప్పనిసరి అయ్యింది 2013లో. మీ 2004 బండి ఆ స్కానర్‌తో మాట్లాడుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. దాని బదులు చిన్న మల్టీమీటర్ కొనుక్కోండి, ఇంట్లో ఫ్యాన్ స్విచ్చికీ పనికొస్తుంది. రాత్రంతా ఆగిన బండికి పొద్దున స్టార్ట్ చేయకముందే కూలెంట్ సెన్సర్ కప్లర్ తీసి, సెన్సర్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. రెండు వైర్లు వచ్చేది ఈసీఎం సెన్సర్. ఒక్క వైరు వచ్చేది మీటర్లో ముల్లు కోసం, అది వేరే. 20 డిగ్రీల దగ్గర రెండుంపావు నుంచి రెండున్నర కిలో ఓమ్స్ పైచిలుకు రావాలి. చలి పెరిగేకొద్దీ ఓమ్స్ పెరుగుతాయి, సున్నా డిగ్రీలకి ఐదు దాటుతుంది. బాగా వేడెక్కాక, 80 డిగ్రీల దగ్గర, 300 ఓమ్స్ చుట్టుపక్కలకి పడిపోవాలి. పూర్తిగా తెగిపోతే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. కానీ కొంచెం అబద్ధం చెప్పే సెన్సర్‌కి లైటు వెలగదు, ఈసీఎం నమ్మేస్తుంది.

ఇంతకీ మీరు రాసిన దాంట్లో నన్ను పట్టుకున్నది ప్లగ్గులూ కాదు, ఈసీఎమ్మూ కాదు. "ముల్లు కింది గీత నుంచి కొంచెం లేస్తది, అంతే." ఆదిలాబాద్ నుంచి గుడిహత్నూర్ హైవే మీద ఇరవై కిలోమీటర్ల చిల్లర ఉంటుంది. వెయ్యి సీసీ ఇంజన్ అంత దూరం పరుగెత్తి కూడా వేడెక్కలేదంటే అది మంచి గుణం కాదండీ. బాగున్న బండికి ఐదారు కిలోమీటర్లకి ముల్లు సగం దగ్గరికి వచ్చి నిలబడాలి. మీ థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపే వాల్వ్, తెరుచుకుని బిగుసుకుపోయి ఉండాలి, లేదా అసలు లేకుండా ఉండాలి. నా పందెం రెండో దాని మీద. ఎండాకాలం బండి హీటెక్కిందని తీసుకెళ్తే థర్మోస్టాట్ పీకి పారేసి "ఇక హీట్ కాదు సార్" అనడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న ఆనవాయితీ.

చూసే పద్ధతి తేలిక. పొద్దున స్టార్ట్ చేసి, రేడియేటర్ పైకి వెళ్లే లావు గొట్టం మీద చెయ్యి పెట్టండి, ఫ్యాన్‌కి దూరంగా. థర్మోస్టాట్ ఉంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా కాలుతుంది. లేకపోతే ఇంజన్‌తో పాటే మెల్లమెల్లగా గోరువెచ్చనవుతూ వస్తుంది.


ఖమ్మం_ఆల్టో

మాది ఆల్టో, 2007. మావారికి బండి గోల పట్టదు, నేనే చూసుకుంటాను. మాకూ పొద్దున పూట ఇలాగే ఊగేది, దాంతోపాటు సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన. సెన్సర్ మార్చినా పోలేదు. చివరికి చూస్తే సెన్సర్ కాదు, దాని కప్లర్ లోపల పిన్నులకి పచ్చగా చిలుము పట్టింది. చిలుము వల్ల ఓమ్స్ పెరిగి, ఉన్నదానికంటే ఎక్కువ చలిగా ఉందని కంప్యూటర్ అనుకుంటోందట. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దితే సరిపోయింది. కప్లర్ తీసినప్పుడు టార్చ్ వేసి లోపల కూడా చూడండి అన్నయ్యా.


తెనాలి_800

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది 1997 మారుతి 800, కార్బొరేటర్. నాకూ పొద్దున ఇదే బాధ. పైన చెప్పిన సెన్సర్లు నా బండిలో ఎక్కడుంటాయి?


ఆటోనగర్_వైరింగ్

తెనాలి బాబాయ్, మీ బండిలో అవి ఉండవు, హాయిగా నిద్రపోండి. మీరు చూడాల్సింది చోక్. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, లోపలికి చూస్తూ ఇంకొకరి చేత చోక్ లాగించండి. కార్బొరేటర్ నోట్లో పలక పూర్తిగా మూసుకోవాలి. చోక్ లాగినప్పుడు రేసింగ్ కూడా కొంచెం పెరగాలి. పెరగకపోతే కేబుల్ సాగింది, లేదా లింకు దగ్గర మురికి. పలక మూసుకుంటున్నా ఎక్స్‌లేటర్ ఇవ్వగానే గుటక పడుతోందంటే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం చూడండి. ఇంజన్ ఆపి, లోపలికి టార్చ్ వేసి ఎక్స్‌లేటర్ లింకు లాగితే సన్నటి పెట్రోలు ధార సూటిగా రావాలి. కారుతున్నట్టు వస్తే డయాఫ్రం ఎండిపోయింది. ఆ పాత రబ్బర్ల విషయంలో ఈ20 మీద నాకూ అనుమానం ఉంది, పనిలో పనిగా పెట్రోలు పైపులు కూడా నలిపి చూడండి, పెళుసుగా ఉంటే మార్చేయండి. చలికాలం పొద్దున ఇంటి ముందు పెట్రోలు కారే బండి ఉంచుకోకూడదు.


ఉట్నూరు_టీచర్

అన్నా, ఆదివారం మొత్తం బండి కిందనే గడిచింది. వరుసగ చెప్త.

ప్లగ్గు: నల్లగ ఉన్నది, తడి లేదు. వేలితోని రాస్తే కాటుక లెక్క అంటింది. నాలుగు గట్లనే ఉన్నయి.

సెన్సర్: పొద్దున వరండల థర్మామీటర్ 12 డిగ్రీలు చూపిస్తే మీటర్ల 3.4 కిలో ఓమ్స్ వచ్చింది. కప్లర్ల చిలుము లేదు చెల్లె, నీట్‌గ ఉన్నది.

పై గొట్టం: స్టార్ట్ చేసినప్పటి నుంచే మెల్లగ వెచ్చబడుకుంట వచ్చింది. మీరు చెప్పినట్టే.

ఇంక ఆగబుద్ధి కాలె. ఇంజన్ పూర్తిగ చల్లారినంక కూలెంట్ కొంత కిందికి వదిలి, గొట్టం వచ్చి కలిసే దగ్గర ఉన్న మూత రెండు బోల్టులు విప్పిన. జాయింట్ పొడుగుత సిలికాన్ పేస్ట్ బుసబుస బయటికొచ్చి ఎండిపోయి ఉన్నది. మూత లేపితే లోపల థర్మోస్టాట్ కూసోవాల్సిన గాడి ఖాళీ. గాడి చుట్టు తుప్పు గూడ పట్టింది, అంటే తీసి శానా ఏండ్లైంది. మా నాయిన్ని అడిగితే, ఒక ఏడు మే నెలల నిర్మల్ రోడ్డు మీద బండి హీటై ఆగితే, దారిలనే ఎవరో మెకానిక్ ఏదో వాల్వ్ తీసిండు, మళ్ల ఎప్పుడు హీట్ కాలేదు అని చెప్పిండు.

కొత్త థర్మోస్టాట్ కొన్న, దాని మీద 82 అని కొట్టి ఉన్నది. బిగించే ముందు గిన్నెల నీళ్లు పోసి, దారంతోని వేలాడదీసి గ్యాస్ పొయ్యి మీద పెట్టిన. శానాసేపు ఏం కాలె. గిన్నె అడుగు నుంచి సన్న బుడగలు లేస్తున్నప్పుడు స్ప్రింగ్ మెల్లగ కుంగి, చుట్టు సందు కనబడ్డది. దించి పెడితే మళ్ల మూసుకున్నది. మా ఇంటామె ఆ గిన్నె ఇంక వంటింట్లకు రావద్దని చెప్పింది, అదిప్పుడు షెడ్ గిన్నె.

గాడి గీకి శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించిన. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసిన. సోమవారం పొద్దున మావల దాటుతుంటెనే ముల్లు లేసింది. కొంచెం ముందుకు పోంగనే సగానికి జర కింద నిలబడి, ఇంక కదల్లేదు. ఇరవై ఏండ్ల బండి మీటర్ల ఆ ముల్లు అక్కడ ఉండంగ చూసుడు నాకు ఇదే మొదలు.

గుక్క పట్టుడు శానా వరకు తగ్గింది, అది గూడ మొదటి రెండు మలుపుల దాకనే. కానీ స్టార్ట్ కాంగనే రేసింగ్ పడిపోవుడు మాత్రం అట్లనే ఉన్నది. ఇదేంది?


ఆటోనగర్_వైరింగ్

శభాష్ మాస్టారూ. మీ సెన్సర్ రీడింగ్ 12 డిగ్రీలకి సరిగ్గా ఉంది, దాన్ని కదపకండి.

జరిగింది ఇది. థర్మోస్టాట్ లేక నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ చుట్టూ తిరుగుతుంటే, మీ సెన్సర్ నిజమే చెప్పింది: ఇంజన్ ఇంకా చల్లగా ఉంది అని. ఈసీఎం ఆ నిజాన్ని నమ్మి పెట్రోలు ఎక్కువ కొడుతూనే ఉంది. మీ ఆదిలాబాద్ చలికి హైవే మీద ఎదురుగాలి కూడా తోడు. మైలేజ్ నాలుగు తగ్గింది అందుకే. అలా మిగిలిన మసే ప్లగ్గుల మీద చూశారు. మసి పట్టిన ప్లగ్గుకి చల్లగా ఉన్నప్పుడు స్పార్క్ సరిగా పడదు, కరెంటు మసి మీదుగా పక్కకి కారిపోతుంది. కొత్త ప్లగ్గులు వేస్తే వారంలో మళ్లీ అదే కథ అన్నారే, కారణం ఇదే. ఇప్పుడు ఆ ప్లగ్గుల్ని పారేయక్కర్లేదు. శుభ్రం చేసి గ్యాప్ 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో చూసి బిగించండి.

మిగిలిన రేసింగ్ సంగతి. ఇన్నేళ్ల మసి ప్లగ్గుల దగ్గరే ఆగదుగా. వెనక్కి కొట్టే పొగ, ఆయిల్ ఆవిరి కలిసి థ్రాటిల్ బాడీలో (ఎక్స్‌లేటర్ తొక్కితే గాలికి దారి తెరిచే భాగం), ఐడిల్ వాల్వ్ దారిలో జిడ్డుగా పేరుకుంటాయి. చలిలో ఇంజన్‌కి పెట్రోలుతో పాటు గాలి కూడా ఎక్కువ కావాలి. ఎక్స్‌లేటర్ మీద కాలు లేనప్పుడు ఆ గాలి ఇచ్చేది ఐడిల్ వాల్వే. దాని దారి మూసుకుపోతే ఈసీఎం తెరవమన్నా గాలి రాదు. మీరు కాలు పెట్టగానే నిలబడుతోందంటే కావలసింది గాలే అని ఇంజనే చెబుతోంది.

ఎయిర్ పైపు విప్పి, థ్రాటిల్ పలకని వేలితో తెరిచి చూడండి. పలక అంచు చుట్టూ నల్లటి వలయం ఉంటుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్ మెత్తటి గుడ్డ మీద కొట్టి తుడవండి. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, పలకకీ గోడకీ మధ్య సందు వెంట్రుకవాసిలో ఉంటుంది, గీత పడితే రేసింగ్ ఎప్పటికీ నిలకడగా ఉండదు. పలకని ఆపే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పి రేసింగ్ పెంచేస్తామని ఎవరైనా అంటే చేతులు కట్టేయండి. ఐడిల్ వాల్వ్ విప్పితే దాని మొన మీద మసి తుడవండి, కానీ మొనని చేత్తో లోపలికి నొక్కొద్దు, బయటికి లాగొద్దు. ఓ-రింగ్ గట్టిపడి ఉంటే మార్చేయండి.

తర్వాత బ్యాటరీ నెగెటివ్ పది నిమిషాలు తీసి పెట్టి, మళ్లీ బిగించి, ఏసీ లైట్లు వేయకుండా ముల్లు సగానికి వచ్చే దాకా ఐడిల్‌లో వదిలేయండి. కొత్త గాలికి ఈసీఎం అలవాటు పడాలి.

వ్యాక్యూమ్ లీకు అని ఎవరైనా అనొచ్చు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. మీ బండి గాలిని మ్యాప్ సెన్సర్‌తో కొలుస్తుంది. ఇలాంటి బండిలో గొట్టం ఊడితే రేసింగ్ సాధారణంగా పెరుగుతుంది, పడిపోదు. మీది పడిపోతోంది. లీకు వెనక పడి ఇంకో ఆదివారం పోగొట్టుకోకండి.

ఇప్పుడు అసలు భయం. నిర్మల్ రోడ్డు మీద ఆ రోజు బండి హీటయ్యింది థర్మోస్టాట్ వల్లేనని ఎవరు తేల్చారు? వేరే కారణం ఉండి, వాల్వ్ తీసేయడంతో అది దాక్కుని ఉండొచ్చు. ఇప్పుడు మీరు వాల్వ్ పెట్టారు. మే నెలలో మీ ఊళ్లో 45 డిగ్రీలు. ఆలోపు ఒక రోజు బండిని నిలబెట్టి, ఏసీ ఆపేసి, ఐడిల్‌లో వదిలి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. పక్కనే ఉండండి, ముల్లు ముప్పావు దాటితే ఆపేయండి.


మియాపూర్_మోటార్స్_ఫ్యాన్

ప్లగ్గు రంగు చూడకుండా ఈ20 అని రాసేశాను. అన్న చెప్పిన తేడా నోట్ చేసుకున్నా. కానీ నా ఫ్రెండ్ శాంత్రో ప్లగ్గులు నిజంగానే తెల్లగా ఉన్నాయి, దానికి ఏం చేయాలి?


ఆటోనగర్_వైరింగ్

తమ్ముడూ, తెల్లగా ఉంటే నీ మాటే మొదటి అనుమానం. అయినా ఈ20 ఒక్కటే అంత పని చేయదు. పది శాతం ఇథనాల్ నుంచి ఇరవైకి మారితే తేడా నాలుగు శాతం దగ్గర ఉంటుంది. బాగున్న బండి దాన్ని మోస్తుంది. అప్పటికే ఇంజెక్టర్లు సగం మూసుకుపోయో, ఫ్యుయెల్ ప్రెషర్ తగ్గో అంచు మీద ఉన్న బండిని ఆ నాలుగు శాతం తోసేస్తుంది. ప్రెషర్ గేజ్ పెట్టించి చూడమను. స్టార్ట్ చేయకముందు తాళం రెండు మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసి, అప్పుడు సెల్ఫ్ కొడితే బాగా అందుకుంటోందా? అయితే రాత్రంతా లైన్లో ప్రెషర్ దిగిపోతోంది. వివరాలతో వేరే పోస్ట్ పెట్టమను, ఇక్కడ కలిపితే మాస్టారు కంగారు పడతారు.


ఉట్నూరు_టీచర్

థ్రాటిల్ బాడీ అయిపోయింది అన్నా. గుడ్డ నల్లగ మారి, రెండోది తీసుకోవాల్సొచ్చింది. ఐడిల్ వాల్వ్ మొన మీద మసి పొర కట్టి ఉన్నది. తుడిచి బిగించి, బ్యాటరీ తీసి పెట్టి, మీరు చెప్పినట్టే వదిలేసిన. ఇప్పుడు పొద్దుగాల స్టార్ట్ చేస్తే రేసింగ్ పైకి లేసి, అక్కడనే నిలబడి, వేడైనకొద్ది మెల్లగ దిగుతున్నది. గల్లీ మలుపుల క్లచ్ వదిలితే సక్కగ పోతున్నది. మైలేజ్ ఇంకో ఫుల్ ట్యాంక్ అయినంక చెప్త.

మీరు భయపడ్డది నిజమే. ఐడిల్‌ల వదిలి చూసిన. ముల్లు సగం దాటింది, ముప్పావుకు వచ్చింది, ఫ్యాన్ తిరుగలె. ఆపేసిన. ఏసీ వేస్తే మాత్రం ఏసీది వేరే ఫ్యాన్ అనుకుంట, అది తిరుగుతున్నది. రోడ్డు మీద పోయేటప్పుడు ముల్లు లేస్తలేదు, గాలికే సరిపోతున్నట్టున్నది.


ఆటోనగర్_వైరింగ్

దొరికాడు దొంగ. మెకానిక్ ఆ రోజు చూడాల్సింది ఈ ఫ్యాన్ సంగతి.

ఇంజన్ ఆపి, చల్లారాక ఫ్యాన్ మోటార్ కప్లర్ తీసి, రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా పన్నెండు వోల్టులు ఇవ్వండి. మధ్యలో ఒక ఫ్యూజు పెట్టుకోండి, చేతులు, చొక్కా అంచులు రెక్కలకి దూరంగా. తిరగకపోతే మోటారే పోయింది, లోపల బ్రష్‌లు అరిగి ఉంటాయి. చాలాసార్లు బ్రష్‌లు మార్చి బతికించవచ్చు. తిరిగితే మోటార్ మంచిదే, ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాత ఫ్యాన్ వేయమని చెప్పే స్విచ్చూ దాని వైరూ, ఆ వరసలో చూడండి. అదే రకం రిలే బాక్సులో పక్కన ఇంకొకటి ఉంటే అటూ ఇటూ మార్చి చూడటం అన్నిటికంటే తేలిక.

అది తేలేదాకా ఆదిలాబాద్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంజన్ ఆపేయండి. ముల్లు ముప్పావు దాటినప్పుడు రేడియేటర్ మూత మీద చెయ్యి వేయొద్దు. థర్మోస్టాట్ మాత్రం ఎవరేం చెప్పినా మళ్లీ తీయనివ్వకండి. బ్యాటరీ ఇచ్చి చూసి, ఫ్యాన్ తిరిగిందో లేదో రాయండి.